అడ్జువెంట్ తయారీలో జాగ్రత్తలు: ఫ్రీజర్‌లో పెట్టకండి

మొన్న మా ల్యాబ్‌లో ఒక అబ్బాయి ఎంతో శ్రమపడి చేసిన అల్యూమినియం హైడ్రాక్సైడ్ అడ్జువెంట్‌ను (టీకాలో కలిపితే రోగనిరోధక స్పందనను పెంచే పదార్థం), పాడవకుండా ఉంటుందని మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టి ఇంటికి వెళ్లాడు. మర్నాడు కరిగించి ఊపితే ఎప్పటిలాగే పాలలా తెల్లగా కనిపించింది. ఎలుకల్లో యాంటీబాడీలు సరిగా రాకపోయేసరికి గానీ అసలు సంగతి బయటపడలేదు. ఈ ఒక్క పొరపాటు వల్ల నెలల పని పోగొట్టుకున్నవాళ్లను ఇంకా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

గ్లవ్స్, లేబుళ్ల గురించి మీకు చెప్పనక్కర్లేదు. గడ్డకట్టడం గురించి మాత్రం చెప్పాలి. నీరు మంచు స్ఫటికాలుగా మారుతుంటే అల్యూమినియం కణాలు మిగిలిన సందుల్లోకి నెట్టుకుపోయి ఒకదానికొకటి అతుక్కుంటాయి. కరిగించాక కూడా మళ్లీ విడిపోవు. ఫ్రిజ్ వెనక గోడకు ఆనించినా, ఐస్ ప్యాక్ మీద నేరుగా పెట్టినా ఇదే ప్రమాదం. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచండి.

అనుమానం వస్తే షేక్ టెస్ట్ చేయండి. అదే బ్యాచ్ వయల్ ఒకటి కావాలనే గడ్డకట్టించి, కరిగించి, అనుమానమున్నదాన్ని పక్కన పెట్టి రెండూ ఊపండి. రెండూ ఒకే వేగంతో అడుగుకు చేరితే పారేయండి. కంటికి బాగానే ఉందని వాడకండి.

స్టెరిలైజేషన్ సంగతి. అల్యూమినియం కణాలు 0.22 మైక్రాన్ ఫిల్టర్ దాటవు, కాబట్టి యాంటీజెన్ (శరీరం గుర్తుపట్టాల్సిన టీకా అసలు భాగం) కలపకముందే ఆటోక్లేవ్ చేయాలి, అంటే ఒత్తిడిలో వేడి ఆవిరితో క్రిములను చంపాలి, అదీ ఒక్కసారే. పదేపదే చేస్తే పీహెచ్ పడిపోయి, యాంటీజెన్‌ను పట్టుకునే శక్తి తగ్గుతుంది. ఎంఎఫ్59 లాంటి స్క్వాలీన్ ఎమల్షన్ (నీటిలో స్క్వాలీన్ అనే నూనె సన్న బిందువులుగా ఉండే అడ్జువెంట్) బిందువులు సుమారు 160 నానోమీటర్లే కాబట్టి ఫిల్టర్ చేయొచ్చు. దాన్నీ ఫ్రీజ్ చేయకూడదు.

ఎండోటాక్సిన్‌ను, అంటే కొన్ని బ్యాక్టీరియాల పైపొర నుంచి వచ్చే విషపదార్థాన్ని, మామూలు ఫిల్టర్ ఆపదు, ఆటోక్లేవ్ నమ్మకంగా తీసేయదు. గాజు సామాను 250 డిగ్రీల దగ్గర అరగంట కాల్చండి. లేకపోతే ఎండోటాక్సిన్ రెచ్చగొట్టిన స్పందనను చూసి మీ అడ్జువెంట్ పనిచేసిందని సంబరపడతారు.

అల్యూమినియం హైడ్రాక్సైడ్‌కు ఫాస్ఫేట్ బఫర్ వాడకండి, ఉపరితలం మీది ధనావేశాన్ని అది మార్చేస్తుంది. పీఎల్‌జీఏ (శరీరంలో కరిగిపోయే పాలిమర్) కణాలను ఫ్రీజ్ డ్రై చేస్తే, అంటే గడ్డకట్టించి ఆరబెడితే, ట్రెహలోజ్ లాంటి చక్కెర కలపండి. ఆ కణాల తయారీలో వాడే ద్రావకం డైక్లోరోమీథేన్ సీసా ఫ్యూమ్ హుడ్ బయట తెరవకండి. స్క్వాలీన్‌ను వెలుతురుకీ గాలికీ వదిలేయకండి. వయల్ తీసే ముందు ప్రతిసారీ ఫ్రిజ్ థర్మామీటర్ చూసి రాయండి. రాత్రి కరెంటు పోయి వస్తే కనిష్ఠ ఉష్ణోగ్రత కూడా చూడండి. సున్నా కిందికి దిగి ఉంటే షేక్ టెస్ట్ అయ్యేదాకా ఆ పెట్టెలోంచి ఒక్క వయల్ కూడా ఎవరికీ ఇవ్వకండి.