గుల్మార్గ్ కుదరకపోతే ఎక్కడికి? గోదావరి జిల్లాల కుటుంబం స్కీయింగ్‌కి ఊరు ఎంచుకోవడం ఎలా

మంచులోకి వెళ్దామని పిల్లలు పట్టుబడితే ఇంట్లో మొదట వినిపించే పేరు గుల్మార్గ్. గొండోలా, అదే తీగల మీద నడిచే కేబుల్ కారు, ఎక్కిన రీల్స్ చూసి ఉంటారు కదా. తర్వాత ఒక్కొక్కటే అడ్డం వస్తాయి. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్ వాలుల మీద ఎండు గడ్డి తప్ప ఏమీ లేదు. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌ని మంచు చాలక మార్చికి జరిపారు. అదే ఏడాది ఏప్రిల్‌లో పహల్గాం దాడి జరిగాక కశ్మీర్ అంటేనే మామ్మగారు వద్దంటున్నారు. మరి బదులు ఎక్కడికి వెళ్ళాలి?

చాలామంది ఇక్కడ ఇంకో కొండ పేరు వెతుకుతారు. నన్నడిగితే ముందు వెతకాల్సింది కొండ కాదు. మన దగ్గర్నుంచి వెళ్ళే ఐదారుగురిలో నిజంగా స్కీలు కట్టుకునేది ఇద్దరు, మహా అయితే ముగ్గురు. మిగతావాళ్ళు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారన్నదే ఊరిని తేల్చాలి.

1. వద్దనుకోవడానికి కారణం ఏమిటో తేల్చుకోండి

భయమా, మంచు పడుతుందో లేదోనన్న అనుమానమా, ఖర్చా, దూరమా? వీటిలో ఏదైతే అసలు కారణమో దాన్ని కాగితం మీద రాయండి. భయమే కారణమైతే హిమాచల్, ఉత్తరాఖండ్ సరిపోతాయి. మంచు గురించి అనుమానమైతే అవి తీర్చవు. ఎందుకంటే కశ్మీర్‌కైనా మనాలీకైనా చలికాలం మంచు తెచ్చేది పడమటి నుంచి, మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే ఒకే రకం వాతావరణం. మనకు బంగాళాఖాతంలో వాయుగుండం ఎలాగో వాళ్ళకు అది అలాగ. అది మొహం చాటేస్తే ఉత్తరాది కొండలన్నీ కలిసే ఎండుతాయి. ఖర్చు కారణమైతే విదేశాల పేజీలు మూసేయండి, టైమ్ వేస్ట్.

2. ఎవరెవరు వస్తున్నారో రాసి, పక్కన వయసు, ఆరోగ్యం రాయండి

కోనసీమలో మన ఇళ్ళు సముద్రమట్టానికి నాలుగైదు మీటర్ల ఎత్తులో ఉంటాయి. గుల్మార్గ్ ఊరే 2,650 మీటర్లు, గొండోలా రెండో దశ దిగేచోటు దాదాపు 3,950 మీటర్లు. సుమారు 2,500 మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. వయసులో ఉన్నవాళ్ళకూ వస్తుంది, బలంగా ఉన్నామని వదలదు. మందు వేసినా తగ్గకుండా పెరుగుతోందంటే కిందికి దిగిపోవడమే. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవాళ్ళు ఉంటే టికెట్లు తీయకముందే డాక్టర్ని అడగండి, తీశాక కాదు.

అందుకే పెద్దవాళ్ళు వస్తున్నప్పుడు నేను చూసేది ఒకటే. పడుకునే ఊరు కిందా, స్కీ వాలు పైనా ఉందా? పొద్దున్న పిల్లలు, వాళ్ళ నాన్న పైకి వెళ్ళి సాయంత్రానికి దిగి రాగలగాలి. మామ్మగారు ఎండ కాచుకుంటూ బజారు చూస్తూ కూర్చోగలగాలి. మనాలీ 2,050 మీటర్ల దగ్గర, దాని పక్కనే ఉన్న సోలంగ్ వాలు 2,500 మీటర్ల దగ్గర ఉన్నాయి కాబట్టి ఇది కుదురుతుంది. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో వాలు మీదే బస, కాబట్టి అంత సుఖంగా కుదరదు.

ఐదేళ్ళలోపు పిల్లలకు స్కీలు నేర్పించాలన్న ఆశ పెట్టుకోకండి. స్లెడ్జ్ (మంచు మీద జారే బండి), మంచు ముద్దలు, ఒక కప్పు వేడి మ్యాగీ చాలు వాళ్ళకు.

3. తేదీలు: ఇక్కడే చాలా ప్లాన్లు తేలిపోతాయి

మంచు కాలం డిసెంబరు చివర నుంచి మార్చి మొదటి వారం దాకా. మన బడులకు ఆ మధ్యలో ఉన్నవి క్రిస్మస్ సెలవులు, సంక్రాంతి సెలవులు. క్రిస్మస్, న్యూ ఇయర్‌కి మనాలీలో హోటల్ రేట్లు ఆకాశంలో ఉంటాయి, సోలంగ్ రోడ్డు మీద కార్లు గంటల తరబడి కదలవు, పైగా డిసెంబరులో మంచు గట్టిగా పడుతుందన్న నమ్మకం లేదు.

సంక్రాంతి సంగతి చెప్పక్కర్లేదు. అల్లుడుగారు వస్తారు, భీమవరం వైపు వాళ్ళకు కోడిపందేల బరులు, ఇటు కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. ఆ మూడు రోజులు ఇల్లు వదిలి వెళ్దామంటే ఇంట్లో ఓటింగ్ పెట్టినా నెగ్గదు. కాబట్టి నా లెక్క ఇది. ముక్కనుమ దాటాక బయల్దేరండి, బడికి నాలుగైదు రోజులు సెలవు చీటీ పెట్టి రిపబ్లిక్ డే నాటికి ఇంటికి చేరండి. జనవరి మూడో వారంలో కొండల మీద రద్దీ తగ్గుతుంది, మంచుకూ అది మంచి సమయమే.

పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇంట్లో ఇది కుదరదు. వాళ్ళ పరీక్షలయ్యేసరికి మార్చి ముగుస్తుంది, అప్పటికి సోలంగ్‌లో బురదే మిగులుతుంది. అలాంటివాళ్ళు ఏప్రిల్ మొదట్లో ఎత్తైన వాలులున్న చోటికి వెళ్ళాలి, లేదా యంత్రాలతో మంచు తయారుచేసే చోటికి. రెండింటికీ కింద పేర్లున్నాయి.

4. ఇంటి గుమ్మం నుంచి లెక్కపెట్టండి

వెబ్‌సైట్లన్నీ ఢిల్లీ నుంచి ఇన్ని గంటలని రాస్తాయి. మన ప్రయాణం అమలాపురంలోనో పాలకొల్లులోనో మొదలవుతుంది. కోటిపల్లి–నరసాపురం లైను పూర్తయ్యేదాకా అమలాపురానికి రైలు లేదు, కాబట్టి మొదటి మజిలీ రావులపాలెం మీదుగా రాజమండ్రి. అక్కడ ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీకి ఒకటిన్నర రోజు. మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి హైదరాబాద్ వెళ్ళి చండీగఢ్ విమానం పట్టుకుంటే పెద్దవాళ్ళకు నడుములు మిగులుతాయి.

విమానం దిగాక ఘాట్ రోడ్డు ఎన్ని గంటలో విడిగా రాయండి. కుటుంబాలు అలిసిపోయేది అక్కడే. రానుపోను రోడ్డు మీదే రెండు పగళ్ళు పోతుంటే, కొండ మీద కనీసం నాలుగు పగళ్ళు లేకుండా ఆ ఊరు పెట్టుకోకండి.

5. ఊళ్ళను పక్కపక్కన పెట్టండి

మనాలీ–సోలంగ్. కుటుంబం మొత్తానికి మన దేశంలో నేను ముందు చెప్పే పేరు. సోలంగ్ మనాలీకి 13 కిలోమీటర్లు. 2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక ఇంకో సౌకర్యం వచ్చింది. సోలంగ్‌లో మంచు పల్చగా ఉంటే టన్నెల్ దాటి సిస్సు అనే ఊరి వైపు వెళ్ళి చూడొచ్చు. అక్కడ స్కీ వాలులు ఉండవు, కానీ పిల్లలకు మంచు దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త. సోలంగ్‌లో స్కీయింగ్ అని చెప్పి పది నిమిషాలు చదును మంచు మీద నిలబెట్టి, చేయి పట్టుకుని నాలుగడుగులు లాగి, ఫొటో తీసి పంపేవాళ్ళు ఉంటారు. మీకు కావాల్సింది గంటల లెక్కన నేర్పే మనిషి.

ఔలీ. పదిహేనేళ్ళు దాటిన పిల్లలు, నిజంగా నేర్చుకోవాలన్న పట్టుదల ఉంటే ఇదే. 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్‌లో స్కీ పోటీలు ఇక్కడ జరిగాయి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్ళు 7 రోజుల, 14 రోజుల కోర్సులు నడుపుతుంటారు. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. చిక్కల్లా రోడ్డుతోనే. ఋషికేశ్ నుంచి జోషీమఠ్ దాదాపు 250 కిలోమీటర్లు, అంతా ఘాటే. జోషీమఠ్ నుంచి పైకి వెళ్ళే రోప్‌వేని 2023 జనవరిలో నేల కుంగినప్పుడు ఆపేశారు. అది నడుస్తోందో లేదో కనుక్కోకుండా దాని మీద ఆశతో ప్లాన్ వేయకండి. పెద్దవాళ్ళుంటే ఔలీ వద్దు.

సిమ్లా–నార్కండా. నార్కండా సిమ్లాకి 60 కిలోమీటర్ల పైచిలుకు, ఎత్తు 2,700 మీటర్లు. వాలులు చిన్నవి, జనం తక్కువ. స్కీయింగ్ కంటే విహారం ఎక్కువ కావాలనుకునేవాళ్ళకు బాగుంటుంది. కాల్కా నుంచి సిమ్లాకి 96 కిలోమీటర్ల బుల్లి రైలు ఉంది కదా, మంచు పడకపోయినా పిల్లలకు అదొక పండగ.

అల్మాటీ, కజకిస్తాన్. డబ్బు పెట్టగలిగితే రెండో మెట్టులో చెప్పిన పరీక్షకు అన్నిటికంటే బాగా నిలబడే ఊరు ఇది. నగరం వెయ్యి మీటర్లలోపు ఎత్తులో ఉంది. మెదేవు అనే చోట గొండోలా ఎక్కితే షింబులాక్ వాలులు 2,260 నుంచి 3,200 మీటర్ల దాకా. ఏప్రిల్ మొదట్లో కూడా పై వాలుల మీద సాధారణంగా మంచు నిలుస్తుంది, ఇంటర్ పిల్లల తేదీలకు సరిపోతుంది. 2022 జూలై నుంచి భారత పాస్‌పోర్టుకు 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజున ఒకసారి చూసుకోండి. మైనస్ పది చలికి మాత్రం సిద్ధపడాలి.

దుబాయ్. నవ్వకండి. రాజోలు, మామిడికుదురు, పి.గన్నవరం వైపు గల్ఫ్‌లో బంధువులు లేని వీధి అరుదు. మావయ్య ఇంట్లో బస దొరికితే సగం ఖర్చు తగ్గినట్టే. 2005లో తెరిచిన స్కీ దుబాయ్ మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ లోపలే ఉంటుంది, పెద్ద వాలు 400 మీటర్లు, మే నెలలో కూడా మంచే. పాఠం ఉంది, పడితే మెత్తగా ఉంటుంది, పెద్దవాళ్ళు అద్దాల ఇవతల కాఫీ తాగుతూ చూడొచ్చు. కొండ గాలి, దేవదారు చెట్లు ఉండవు. పిల్లవాడికి స్కీ ఇష్టమో కాదో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు, అది తెలిశాకే పెద్ద ఖర్చు పెట్టుకోవచ్చు.

6. అడ్వాన్స్ కట్టేముందు ఫోన్‌లో ఇవి అడగండి

రేటు గంటకా, రోజుకా? అందులో బూట్లు, స్కీలు, కర్రలు, హెల్మెట్, నేర్పే మనిషి అన్నీ ఉన్నాయా? ఒకరికి ఎంతమంది పిల్లలను అప్పగిస్తారు? మంచు లేకపోతే డబ్బు ఎంత వెనక్కి వస్తుంది? జవాబులు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. నిన్న తీసిన వీడియో ఒకటి పంపమనండి, ఫొటో కాదు. ఫొటోలు పోయినేటివి పంపుతారు.

మనాలీ నుంచి సోలంగ్ వెళ్ళే దారిలో కోట్లు, గమ్‌బూట్లు అద్దెకిచ్చే కొట్లు వరసగా నంబర్లతో ఉంటాయి. డ్రైవర్ తనకు తెలిసిన నంబరు దగ్గరే ఆపుతాడు. మీరు రెండు కొట్లు చూసి బేరమాడండి, కోటు జిప్పు పనిచేస్తోందో లేదో లాగి చూడండి.

స్కీ బూటు సంగతి మాత్రం డ్రైవర్‌కీ బేరానికీ వదలకండి. చలి కదా అని రెండు జతల మేజోళ్ళు వేసుకుంటారు, అదే తప్పు. ఒక్క పల్చటి పొడుగు మేజోడు చాలు, ముడతలుంటే గంటలో బొబ్బలెక్కుతుంది. ప్యాంటు అంచు బూటులోకి దూర్చకూడదు. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడకు తాకాలి, మోకాళ్ళు వంచి ముందుకు ఒరిగితే ఆ వేళ్ళు కాస్త వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. లేస్తే ఆ సైజు మీది కాదు, మార్చమనండి. కొత్తవాళ్ళకు స్కీ పొడవు గడ్డం దగ్గరికి వస్తే చాలు. తర్వాత నేర్చుకునే మొదటి పాఠం ఆగడం: స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనుక కొసలు దూరంగా. అది రాకుండా పై వాలు ఎక్కిస్తామంటే వద్దనండి.

ఇన్సూరెన్స్ తీసుకుంటే స్కీయింగ్ ప్రమాదాలు అందులో ఉన్నాయో లేదో చదవండి. చాలా పాలసీల్లో విడిగా చేర్పించుకుంటేనే ఉంటాయి.

7. ఇక్కడే ఒకసారి చలి చూపించండి

డిసెంబరులో నర్సీపట్నం మీదుగా లంబసింగి తీసుకెళ్ళి ఒక రాత్రి ఉంచండి. అక్కడ కురిసేది పొగమంచు, స్కీ మంచు కాదు. కానీ తెల్లవారుజామున నాలుగింటికి ఎవరు దుప్పట్లోంచి లేస్తారో, ఎవరికి ఆయాసం వస్తుందో తెలిసిపోతుంది. హైదరాబాద్ వెళ్ళే పని ఉంటే ఇందిరా పార్కు దగ్గర స్నో వరల్డ్‌లో పిల్లలను ఒక గంట తిప్పండి. పది నిమిషాలకే బయటికి పోదామని ఏడిస్తే అల్మాటీ సంగతి మళ్ళీ ఆలోచించుకోవచ్చు.

8. సామాను, చివరి నిర్ణయం

కందిపొడి, ఆవకాయ ఎలాగూ సర్దుతారు. చిన్న రైస్ కుక్కర్ పెట్టుకుంటే గదిలో వాడనిస్తారా అని హోటల్‌ని ముందే అడగండి. మన కొబ్బరి నూనె అక్కడ సీసాలోనే గడ్డకట్టి ఒక్క చుక్క రాదు, వెడల్పు మూత డబ్బాలో పోసుకోండి. పెదాలకు, ముక్కుకు వాజిలీన్, కళ్ళకు నల్ల అద్దాలు తప్పవు. మంచు మీద ఎండ కిందనుంచి కూడా కొడుతుంది.

టికెట్లు తీసుకున్నా హోటల్ మాత్రం చివరి వారం దాకా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి. బయల్దేరడానికి ఐదు రోజుల ముందు వాతావరణ శాఖ సూచన చూసి, నేర్పే మనిషికి ఫోన్ చేయండి. మంచు లేదంటే మనాలీ రెండు రాత్రులకు తగ్గించి, మిగతా రోజులు సిమ్లాకో అమృత్‌సర్‌కో మార్చండి. ఆ మార్పు ఎవరు ఫోన్ చేసి చేయాలో ఇప్పుడే అనుకోండి, లేకపోతే ఆ రోజు నువ్వంటే నువ్వని ఇంట్లో తగువే.