పాటలు వినే గది – రెండవ పాఠం: గోడ తిప్పికొట్టే శబ్దం

గత పాఠంలో గది నడుమ నిలబడి చప్పట కొట్టి, ఆ చప్పుడు ఎంతసేపటికి అణగిందో గమనించాము. తిరుపతిలో ఈ మధ్య కట్టిన ఇళ్లలో నేలకు గ్రానైటో టైల్సో, పైన కాంక్రీటు శ్లాబు, చుట్టూ నున్నగా సిమెంటు పూసిన గోడలు ఉండడం మామూలు కనుక, చప్పట వెంట ఎదురెదురు గోడల మధ్య సన్నని మోత ఒకటి మీకు వినిపించే ఉంటుంది. నేడు దాన్ని లెక్కగట్టి, ఎక్కడ అడ్డుకోవాలో చూద్దాము.

ఈ లెక్క హార్వర్డ్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర ఆచార్యుడు వాలెస్ సబైన్ 1895లో మొదలుపెట్టిన ప్రయోగాల నుంచి వచ్చింది. మాటలు కలగాపులగమయ్యే ఒక ఉపన్యాస మందిరంలోకి ఆయన వేరొక చోటి కుర్చీ మెత్తలను తెప్పించి, వాటి సంఖ్య పెంచుతూ శబ్దం అణగే కాలాన్ని కొలిచాడు. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకొని, 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో, అంటే గదిలోని వస్తువులూ గోడలూ శబ్దాన్ని పీల్చుకునే శక్తితో భాగిస్తే, శబ్దం 60 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలమానం) తగ్గడానికి పట్టే సెకన్లు వస్తాయి. పూర్తిగా తెరిచిన కిటికీ ఒక చదరపు మీటరు ఉంటే శోషణ ఒకటి. బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు కదా.

12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఖాళీ గదిని తీసుకోండి. ఘనపరిమాణం 34 ఘనపు మీటర్లు, ఉపరితలం 63 చదరపు మీటర్లు. సిమెంటు, టైల్సు తమపై పడిన శబ్దంలో నూటికి రెండు మూడు పాళ్లే పీల్చుకుంటాయి కనుక మొత్తం శోషణ సుమారు ఒకటిన్నరే, శబ్దం మూడున్నర సెకన్ల దాకా తిరుగుతూనే ఉంటుంది. పాట వినడానికి అర సెకను చాలు. అందుకు శోషణ 11 కావాలి. మంచం మీది దూది పరుపు, సోఫా, మందపాటి తెరలు అందులో కొంత సమకూరుస్తాయి.

మిగిలినదాన్ని ఎక్కడ పెట్టాలన్నదే అసలు సంగతి. మీరు వినే చోట కూర్చొని, ఇంట్లో ఒకరిని పక్కగోడ వెంట, మీ చెవి ఎత్తున, అద్దాన్ని మెల్లగా జరపమనండి. అద్దంలో స్పీకరు ఎక్కడ కనబడితే, అక్కడ తగిలిన శబ్దమే మీ చెవికి వస్తోంది. నేరుగా వచ్చే శబ్దం కంటే అది 1.4 మీటర్లు ఎక్కువ నడిచిందంటే సుమారు 4 మిల్లీసెకన్లు ఆలస్యమైనట్లే. అంత కొద్దిపాటి తేడాను చెవి ప్రతిధ్వనిగా విడదీయలేక అసలు గొంతులోనే కలిపేసుకుంటుంది, అందుకే గాయని ఎక్కడ కూర్చున్నదో స్పష్టంగా తోచదు. రెండు స్పీకర్లకూ, రెండు గోడలకూ ఇలాగే గుర్తులు పెట్టుకొని, అక్కడ చెక్క ఫ్రేములో రెండు అంగుళాల మందం ఉన్న రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన ఉన్నిలాంటి పదార్థం) పలక పెట్టి, నోటితో ఊదితే గాలి దాటే బట్టను చుట్టూ బిగించండి. పలకకూ గోడకూ మధ్య మరో రెండు అంగుళాల ఖాళీ వదిలితే ఇంకా కింది శ్రుతి శబ్దం కూడా అందులో అణగుతుంది. థర్మకోలు, కోడిగుడ్ల అట్టలు పెట్టమని చెప్పేవారున్నారు. అవి పీల్చేది బహు తక్కువ, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం.

గది నిండా పలుచని కార్పెట్టు పరచడమూ నాకు నచ్చదు. అది తాళాల తళుకును తినేసి, మృదంగం ఎడమ మూత గుమ్ముమనే నాదాన్ని మాత్రం యథాతథంగా వదిలేస్తుంది. ఆ గుమ్ముకు మూలం గది కొలతలలోనే ఉంది: వెడల్పూ ఎత్తూ రెండూ 10 అడుగులైనప్పుడు రెండింటి కంపనాలూ 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనాలు) దగ్గరే కలిసి బలపడతాయి. మూడవ పాఠం దాని గురించే కనుక, ఈలోగా మీ గది మూడు కొలతలనూ, గోడ నుంచి మీ కుర్చీకి ఉన్న దూరాన్నీ టేపుతో కొలిచి రాసి ఉంచుకోండి.