కొండ దిగినోళ్ళకి రైలు దాకా మిగిలే నాలుగైదు గంటలు, మన బిజినెస్ అదే

తిరపతిలో ఒక ఆటో, మన వీధిలోనే టిఫిన్ బండి పెట్టుకున్న అక్క ఒకరు ఉంటే చాలు, చిన్న టూర్ బిజినెస్ మొదలుపెట్టొచ్చు, ఆఫీసూ వద్దు అడ్వాన్సూ వద్దు. దర్శనం అయినోళ్ళు రైలు టైం అయ్యేదాకా స్టేషన్ దగ్గర లగేజీ పెట్టుకుని కూర్చోనుంటారు చూడండి, మన గిరాకీ వాళ్ళే.

ముందు రూటు ఫిక్స్ చేసుకోండి. కపిలతీర్థం, అక్కడినుంచి శ్రీనివాసమంగాపురం, తర్వాత చంద్రగిరి కోట, తిరిగొచ్చి తిరుచానూరు అమ్మవారు. మధ్యాహ్నం గుడి తలుపులు ఎప్పుడేస్తారో ముందురోజే కనుక్కోండి, మీ ఆటో పర్మిట్ ఎంతదూరం దాకా ఉందో కూడా. శుక్రవారం అయితే కోట వద్దు, మ్యూజియం సెలవు. నేనొకసారి చూసుకోకుండా సేలం ఫ్యామిలీని తీసకపోతే, మూసిన తలుపు ముందర ఆ తాత ఒక్క మాట అన్లా, దిగేటప్పుడు మాత్రం వంద తగ్గించి చేతిలో పెట్టినాడు.

రేటు, ఎన్ని గంటలు, వెయిటింగ్‌కి ఎంత, ఇవి అట్టముక్క మీద తెలుగు, తమిళం, హిందీలో రాసి సీటు వెనక అతికించండి, గొడవలన్నీ వెయిటింగ్ దగ్గరే వస్తాయి. కమీషన్ షాపులకి తిప్పొద్దు, దానికి బదులు మంగాపురంలో ఉన్నప్పుడే వీధిలో అక్కకి ఫోన్ కొట్టండి, ఆరుగురు వస్తా ఉండారు, ఇద్దరు పిల్లోళ్ళు, కారం తక్కువ అని. దర్శనం చేసుకొచ్చినోళ్ళు కాబట్టి ఆ పూట బండి దగ్గర కోడికూర వాసన ఉండకూడదు.

అక్కకి పెట్టుబడి కావాలంటే పీఎం స్వనిధి ఉంది, వీధి వ్యాపారాలోళ్ళకి కేంద్రం పెట్టిన లోను స్కీము, 2025లో మార్చినాక మొదటి లోను 15,000 దాకా, టైంకి కడితే 25,000, ఆ తర్వాత 50,000, తాకట్టు ఏమీ అడగరు. కార్పొరేషన్ ఇచ్చే వెండర్ కార్డు గానీ సిఫార్సు లెటర్ గానీ ఉండాల, మెప్మా (టౌన్లలో పొదుపు సంఘాలు చూసే ప్రభుత్వ సంస్థ) గ్రూపులో ఉంటే ఆ గ్రూపుల్ని చూసుకునే ఆర్పీనే (రిసోర్స్ పర్సన్) అడగండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునేది, ఫ్రీ, దానికి డబ్బులడిగితే ఇవ్వొద్దు.

దింపేటప్పుడు నంబర్ తీసుకుని పేరు పక్కన ఊరు కూడా సేవ్ చేసుకోండి. నా ఫోన్లో ‘సేలం తాత’ ఇంకా ఉండాడు, పోయిన పెరటాసి (తమిళ నెల) లో మళ్ళీ ఫోన్ చేసినాడు, ముందు అడిగిందే శుక్రవారం కాదు కదా అని.