పాకం పలుకు కట్టకుండా నిమ్మరసం ఎప్పుడు, ఎంత?

కాజాలకి పాకం పట్టి పక్కన పెట్టి, ఇంకో వాయి వేయించి వచ్చేసరికి గిన్నెలో పంచదార మళ్లీ పలుకులుగా పేరుకుపోయి ఉంటుంది. నాకూ చాలాసార్లు అలాగే అయింది. పంచదార మంచిది కాదేమో అనుకుంటాం గానీ, తప్పు దానిది కాదు.

పంచదార అంటే సుక్రోజ్, అంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు గ్లైకోసైడిక్ బంధం అనే రసాయనిక ముడితో కలిసిన అణువు. మామూలు వేడిలో 100 గ్రాముల నీళ్లు సుమారు 200 గ్రాముల పంచదారనే పట్టి ఉంచగలవు. పాకం మరిగేకొద్దీ నీళ్లు తగ్గుతాయి కదా, చల్లారాక ఆ మోతాదు దాటిపోతుంది, ఎక్కడ చిన్న పలుకు దొరికినా మిగతా అణువులన్నీ దాని మీదే వరుసగా పేరుకుంటాయి.

నిమ్మరసంలోని ఆమ్లం, వేడి కలిస్తే కొన్ని అణువుల్లో ఆ బంధం తెగి, ఒక్కో అణువు ఒక్కో నీటి అణువుని కలుపుకుని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. ఈ రెండూ మధ్యలో అడ్డుపడితే సుక్రోజ్‌కి వరుస కుదరదు. అందుకే పాకం జారుగా ఉండిపోతుంది.

2 కప్పుల పంచదారకి 1 కప్పు నీళ్లు పోసి, సన్నమంట మీద పూర్తిగా కరిగించండి. మరుగు మొదలవగానే అర టీస్పూను నిమ్మరసం వేయండి. దించాక వేస్తే పులుపు తగులుతుంది గానీ బంధం తెగడానికి వేడీ సమయమూ చాలవు. మరిగేటప్పుడు గరిటె పెట్టి తిప్పకండి, గిన్నె అంచుకి అంటిన పలుకుల్ని తడిబట్టతో తుడిచేయండి, ఇది చాలామంది వదిలేస్తారు, నిజానికి సగం పాకాలు పాడయ్యేది ఇక్కడే. తీగపాకం రాగానే దించేయండి.

నిమ్మరసం ఎక్కువ వేసి చాలాసేపు మరిగించినా కష్టమే. ఫ్రక్టోజ్ గాలిలో తేమని లాగుతుంది, కాజాలు జిగటగా అయిపోతాయి.

పంచదార గవ్వలకి మాత్రం నిమ్మరసం వద్దు, అక్కడ మనకి పైన తెల్లగా పలుకు కట్టడమే కావాలి. బెల్లంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ముందే కొంత ఉంటాయి కాబట్టి బెల్లం పాకానికి ఈ టెన్షన్ తక్కువ.

ఇప్పటికే పలుకు కట్టేసిందా? పారబోయకండి. పావు కప్పు నీళ్లు పోసి పలుకంతా కరిగేదాకా వేడిచేసి, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి మళ్లీ తీగపాకం పట్టండి.