పాత అంబాసిడర్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

ఏళ్లుగా షెడ్డులో నిలబడిపోయిన అంబాసిడర్‌ను బాగుచేద్దామనుకున్నవాళ్లు చాలామంది ముందు పెయింటర్ దగ్గరికే వెళ్తారు. డబ్బంతా అక్కడే అయిపోతుంది, బండి మాత్రం కదలదు. ఈ వరుసను తిరగేయండి. బండి ముందు ఆగాలి, తర్వాత నడవాలి, మెరుపుల సంగతి చివర్లో చూసుకోవచ్చు.

హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 దాకా ఈ కారును తయారుచేసింది. ఇక్కడ చెప్పేది 1489 సీసీ పాత పెట్రోల్ బండ్ల గురించి. ఇసుజు ఇంజిన్ బండ్లకూ డీజిల్ బండ్లకూ కొలతలు వేరు.

కొనేముందు జేబులో ఒక చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. తలుపుల కింది అంచులు, ఫుట్‌బోర్డుల కింద, డిక్కీ అడుగు, అద్దం రబ్బరు చుట్టూ పెట్టి చూడండి. అతుక్కోకపోతే రంగు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ. కార్పెట్ ఎత్తి ఫ్లోర్ కూడా చూడాలి. ఇంజిన్‌కు ఎప్పుడైనా మెకానిక్ దొరుకుతాడు, అడుగు తినేసిన బండికి మాత్రం టింకరింగ్ ఖర్చు ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తిరిగిన బండి అయితే ఇంకాస్త అనుమానంగా చూడండి.

ముందు బ్రేకులు

బండిని జాకీ మీద వదిలేసి కిందికి దూరకండి. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టాకే చక్రాలు విప్పాలి. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి డ్రమ్ములోని దుమ్మును నోటితోనో గాలితోనో ఊదవద్దు, తడిగుడ్డతో తుడవండి. వీల్ సిలిండర్లు (చక్రం దగ్గర బ్రేకును నొక్కేవి), మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను తోసేది) కిట్లు, రబ్బరు హోసులు మొత్తం మార్చేయడమే మంచిది. పాత బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే సర్క్యూట్, అంటే బ్రేక్ ఆయిల్‌కు ఒకటే దారి ఉంటుంది. ఎక్కడ ఒక్క హోసు పగిలినా పెడల్ నేరుగా కిందికి పోతుంది. ఇక్కడ మాత్రం పొదుపు పనికిరాదు. బ్రేక్ పైపుల్లో చేరిన ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి.

తర్వాత పెట్రోల్

ట్యాంకులో మిగిలిన పాత పెట్రోల్ పారబోయాల్సిందే. ట్యాంకు దింపి కడిగించండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను లాక్కుంటుంది, పాతకాలం రబ్బరును మెత్తబరుస్తుంది. అందుకే పెట్రోల్ పైపులు, పంపు డయాఫ్రమ్, కార్బొరేటర్ వాషర్లు ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించండి. పాత ఇంజిన్లలో వాల్వులు ఆనే సీట్లు అరగకుండా కాపాడిన సీసం కలిపిన పెట్రోల్ మన దేశంలో 2000లోనే ఆగిపోయింది. హెడ్ ఎలాగూ విప్పాల్సి వస్తే గట్టి వాల్వ్ సీట్లు వేయించుకోండి, అయితే అందుకోసమే విప్పనక్కర్లేదు.

ఇంజిన్ తిప్పడం

ఎన్నాళ్లుగానో ఆగిన ఇంజిన్‌కు నేరుగా సెల్ఫ్ కొట్టకూడదు. నాలుగు ప్లగ్గులూ తీసి ఒక్కో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారాక నాలుగో గేర్‌లో వేసి బండిని మెల్లగా ముందుకు తోయండి. ఇంజిన్ తిరిగిందా, సగం గండం గడిచినట్టే. తిరగకపోతే బలం చూపించకండి, మళ్లీ ఆయిల్ పోసి ఇంకొన్నాళ్లు ఆగండి. పాత ఆయిల్ పూర్తిగా దింపి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోయండి.

ఇప్పుడు పాయింట్లు, అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే కాంటాక్టులు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసేముందు ఏ వైరు ఎక్కడిదో టేపు అంటించి రాసుకోండి, ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2. పాయింట్ల మీద నల్లటి మచ్చలో చిన్న గుంటలో ఉంటే సన్నటి ఎమిరీతో రుద్దాలి, బాగా తినేస్తే కొత్తవి వేయాలి. డిస్ట్రిబ్యూటర్ మధ్యలో తిరిగే క్యామ్ మొన పాయింట్లను పూర్తిగా తెరిచే చోటికి ఇంజిన్‌ను తిప్పి ఆపండి. అక్కడ గ్యాప్ 0.38 మిల్లీమీటర్లు, పాత మెకానిక్‌ల లెక్కలో 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు). స్క్రూ కాస్త వదులుచేసి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చండి. గేజ్ రేకు బిగుసుకోకూడదు, ఊరికే జారిపోనూకూడదు, కాస్త పట్టుతో కదలాలి. స్క్రూ బిగించాక ఇంకోసారి కొలవడం మర్చిపోవద్దు, బిగించేటప్పుడే గ్యాప్ మారిపోతుంది. క్యామ్‌కు చిటికెడు గ్రీజు రాయండి. ఎక్కువైతే పాయింట్ల మీదికి చిమ్మి స్పార్క్ చస్తుంది.

వైరింగ్‌ను ఎలుకలు కొరికి ఉంటే అతుకుల మీద అతుకులు వేయకుండా హార్నెస్సే (మొత్తం వైర్ల కట్టనే) మార్చేయండి. బ్యాటరీకి కరెంటు మొత్తం ఆపేసే ఒక కటౌట్ స్విచ్ పెట్టించడం చవకైన పని, పాత వైర్ల నుంచి నిప్పు రాకుండా కాపాడుతుంది.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం మన దగ్గర పాత అలవాటు. ఆ ఉప్పంతా లోపల గట్టిపడి ఎండాకాలం ట్రాఫిక్‌లో ఇంజిన్ మరిగిపోతుంది. ఒకసారి శుభ్రంగా కడిగించి డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పోయండి.

సామాను కోసం విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్, అక్కడా లేకపోతే కోల్‌కతా మల్లిక్ బజార్ ఉన్నాయి. పాత పార్టు చేత్తో పట్టుకెళ్లండి. ఊరికే అంబాసిడర్‌ది అని చెబితే ఏ మార్కుదో (మార్క్ 1, మార్క్ 2 లాంటి వేరే మోడల్‌ది) ఇచ్చేస్తారు. రంగు వేయించే పని ఇవన్నీ అయ్యి కొన్నాళ్లు బండి తిరిగాకే పెట్టుకోండి, తుప్పును పూర్తిగా గీకించాకే ప్రైమర్ కొట్టించండి.

కాగితాలు, ఆపైన

సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 50 ఏళ్లు దాటిన అసలు రూపంలోని బండికి 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. దానికి మొదటి రుసుము 20,000 రూపాయలు. అయితే ఆ బండిని రోజూ ఆఫీసుకు తీసుకెళ్లడం కుదరదు, ర్యాలీలకూ ప్రదర్శనలకూ మాత్రమే.

ముందు చక్రాల సస్పెన్షన్‌కు ఉన్న నిపుల్స్‌కు (గ్రీజు ఎక్కించే చిన్న మొనలకు) గ్రీజు గన్ పెట్టి పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టండి. వెనక కమానుకట్టల బోల్టులూ చూడండి. వారానికోసారి ఇంజిన్ బాగా వేడెక్కేంత దూరం నడపండి, నిలబెట్టి ఊరికే ఆన్ చేసి ఉంచితే సైలెన్సర్‌లో నీళ్లు చేరి తుప్పు పడుతుంది.