మొగులు వెంట పోయేటప్పుడు ఏపీఆర్‌ఎస్ పెట్టుకునుడు ఎట్లా

ఏప్రిల్, మే నెలల్ల సాయంత్రం భూపాలపల్లి దిక్కు నల్లగా మొగులు లేస్తే కెమెరా పట్టుకొని ఉరికే పిచ్చి నాకుంది, ఇంట్లోళ్లేమో ఎక్కడున్నవ్ అని ఫోన్ల మీద ఫోన్లు, గాలిదుమారానికి కరెంటు పోతే టవర్ కూడా పండుకుంటది. అందుకే ఏపీఆర్‌ఎస్ (ఆటోమేటిక్ ప్యాకెట్ రిపోర్టింగ్ సిస్టమ్). మనం ఎక్కడున్నమో చెప్పే జీపీఎస్ లొకేషన్‌ను చిన్న డేటా ప్యాకెట్ చేసి, మొబైల్ టవర్ లేకుండనే వీహెచ్‌ఎఫ్ రేడియో తరంగాల మీద పంపిస్తది, బాబ్ బ్రునింగా అనే అమెరికా హామ్ (లైసెన్స్ తీసుకొని సరదాకు రేడియో నడిపేటోడు) మొదలుపెట్టిండు. లైసెన్స్ లేకుండా మాత్రం పీటీటీ (రేడియోల పంపే బటన్) ఒత్తొద్దు, ముందు ఏఎస్‌ఓసీ అనే హామ్ లైసెన్స్ పరీక్ష రాయండి.

2 మీటర్ల బ్యాండ్ హ్యాండీ (చేతిల పట్టుకునే రేడియో), కారు టాప్ మీద మ్యాగ్నెట్ యాంటెనా, ఫోన్‌ల ఏపీఆర్‌ఎస్‌డ్రాయిడ్ యాప్, ఫోన్‌ను హ్యాండీని కలిపే ఆడియో కేబుల్, గంతే. కాల్‌సైన్ (లైసెన్స్‌తోని వచ్చే మీ రేడియో గుర్తు) ఎనుక -9 పెట్టండి, బండి అని తెలుస్తది.

నేను తిప్పలు పడ్డది కేబుల్ కాడనే. వాక్స్ (సౌండ్ ఇనంగనే రేడియో దానంతటదే పంపే సెట్టింగ్) పెడితే రేడియో ట్రాన్స్‌మిట్‌కు మారేలోపే ప్యాకెట్ మొదటి ముక్క ఎగిరిపోతది, అవతల బుర్రుమని సౌండ్ ఇనిపిస్తది కానీ డీకోడ్ కాదు. యాప్‌ల ప్రిఫిక్స్ టైమ్ (ప్యాకెట్‌కు ముందు ఉత్త సౌండ్ పంపే టైమ్) పెంచండి. ఫోన్ వాల్యూమ్ ఫుల్ పెట్టినా పాడైతది, కొంచెం కొంచెం తగ్గించుకుంట ఇంటికాడనే టెస్ట్ చెయ్యాలె.

అసలు సంగతి, పంపుడు కాదు, ఇనేటోడు ఉండాలె. నేనైతే హన్మకొండల దోస్తు మిద్దె మీద యాంటెనా, ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు పెట్టే చిన్న రేడియో రిసీవర్), పాత ల్యాప్‌టాప్‌ల ప్యాకెట్లు డీకోడ్ చేసే డైర్‌వుల్ఫ్ సాఫ్ట్‌వేర్ పెట్టించిన, అది ఐగేట్ అయింది, అంటే ఇన్న ప్యాకెట్‌ను నెట్‌కు ఎక్కిస్తది, మా అమ్మ ఏపీఆర్‌ఎస్.ఎఫ్‌ఐ వెబ్‌సైట్ మ్యాప్‌ల చూసుకుంటది. పరకాల దాటినంక వీక్ అయితది, ములుగు అడవిల ఇంకా కష్టం, నెట్ ఉన్నప్పుడు యాప్‌ను ఇంటర్నెట్ మోడ్‌కు మార్చేస్త.

యాప్‌ల స్మార్ట్ బీకనింగ్ ఆన్ చెయ్యండి, లొకేషన్‌ను మలుపుల కాడ ఎక్కువ, ఆగినప్పుడు తక్కువ పంపుతది. బండి ఆపుకొని పది సెకన్లకోసారి పంపుడు అంటే చానల్ మొత్తం మీరే తినుడు.

మెరుపుకు ఉరుముకు మధ్య 30 సెకన్ల లోపుంటే ఫోటోలు బంద్, కార్ల కూసొని అద్దాలు ఎక్కించి యాంటెనా కేబుల్ పీకేయాలె. అప్పుడు మ్యాప్‌ల చుక్క ఆగిపోతది, దోస్తుకు ముందే చెప్పి పెట్టండి: అది ఆఖరుగా ఇన్న జాగ మాత్రమే, అరగంట కదలకపోతే ఫోన్ చెయ్, ఎత్తకపోతే ఆ రోడ్డు పట్టుకొని రా అని. వానకాలం అయితే వాగు రోడ్ల జోలికే పోవద్దు, 2023 జూలైల మోరంచవాగు మోరంచపల్లి ఊరినే ముంచింది.