రంపం మొరాయిస్తే, కొమ్మ ఎదురు తిరిగితే: చెట్ల కోతలో సమస్యలు - పరిష్కారాలు

చెట్లు కోసే పనిలో ఏ ఇబ్బంది వచ్చినా మన దగ్గర వినిపించే మొదటి సలహా ఒకటే: ఇంకా పెద్ద మిషన్ కొనమని. ఆ సలహాను నేను బొత్తిగా ఒప్పుకోను. పెద్ద మోటారు రంపంతో తీరే సమస్యలు చాలా తక్కువ. ఆకురాయి, ప్లాస్టిక్ వెడ్జ్ (సందులో కొట్టే చీల), సరైన తాడు, కాళ్లకు రక్షణ కవచం, వీటితో తీరేవే ఎక్కువ. కొత్త రంపానికి డబ్బు ఖర్చు పెట్టే ముందు కింది లక్షణాల్లో మీకు ఎదురవుతున్నది ఏదో చూసుకోండి. స్వయంగా పని చేసేవారికే కాదు, కూలికి మనుషులను పిలిచి చేయించుకునే రైతులకూ, అపార్ట్‌మెంటు సంఘాలకూ ఇది అవసరం. ఎందుకంటే చెట్టు ఎక్కిన మనిషి ఏ తాడుతో ఎక్కాడో చూడాల్సిన బాధ్యత పని చెప్పినవారిదీ.

రంపం సరిగా కోయడం లేదు, పొగ వస్తోంది

కింద రాలుతున్నది ఏమిటో చూడండి. పిండిలాంటి మెత్తని పొట్టు రాలుతుంటే చైను పళ్లు మొద్దుబారినట్టే. పదునున్న చైను పొట్టు రాల్చదు, చిన్న చిన్న చెక్క పేళ్లు విసురుతుంది. మొద్దు చైనుతో పనిచేసే మనిషి రంపాన్ని బలంగా కిందికి అదుముతాడు. చేతులు అలసిపోతాయి, బార్ (చైను తిరిగే పొడవాటి పట్టీ) కాలిపోతుంది, కొమ్మ తెగిన మరుక్షణం ఆ అదిమిన బలమంతా రంపాన్ని తొడ మీదికి తెస్తుంది.

పెట్రోలు నింపిన ప్రతిసారీ ఒక్కో పంటికి రెండు మూడు సార్లు ఆకురాయి పెట్టండి. చైనును బట్టి ఆకురాయి మారుతుంది. .325 పిచ్ (చైను లింకుల సైజు, అంగుళాల్లో) చైనుకు 4.8 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి, చిన్న రంపాలకు వచ్చే 3/8 లో-ప్రొఫైల్ చైనుకు 4 మిల్లీమీటర్లది. ముందుకు నెడుతూ రుద్దాలి, వెనక్కి లాగేటప్పుడు పైకెత్తాలి. పళ్లన్నీ ఒకే పొడవు ఉండాలి. కోత ఒక పక్కకు వంకర పోతోందంటే ఒకవైపు పళ్లు పొట్టివైనా అయి ఉండాలి, బార్ అంచు ఒకవైపు అరిగైనా ఉండాలి. పంటి ముందున్న బొడిపెను మాత్రం అతిగా అరగదీయకండి. అది మరీ తగ్గితే పన్ను చెక్కను కొరికి పట్టుకుంటుంది, రంపం ఎగిరిపడుతుంది.

పదునుండీ పొగ వస్తే నూనె అందడం లేదని అర్థం. బార్ కొనను ఒక అట్టముక్క వైపు పెట్టి, తాకనీయకుండా, వేగం పెంచండి. అట్ట మీద సన్నని నూనె చార పడాలి. పడకపోతే బార్ విప్పి, నూనె వచ్చే రంధ్రంలో గడ్డకట్టిన పొట్టు తీయండి. బండి నుంచి దించిన పాత ఇంజిన్ ఆయిల్ పోసే అలవాటు చాలామందికి ఉంది. అందులో క్యాన్సర్ కారక పదార్థాలు ఉంటాయి, చైను నుంచి ఎగిరి చేతుల మీద, ముఖం మీద పడతాయి. పైగా అది చైనుకు అంటుకొని నిలవదు.

స్టార్టయి వెంటనే ఆగిపోతుంటే ముందు ఎయిర్ ఫిల్టరు దులపండి, తర్వాత పెట్రోలు అనుమానించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి డబ్బాలో ఉంచిన మిశ్రమం కార్బురేటర్‌ను పాడుచేస్తుంది. కావలసినంతే కలుపుకోండి. రంపం కంపెనీ చెప్పిన టూ-స్ట్రోక్ ఆయిల్ అయితే సాధారణంగా లీటరుకు 20 మిల్లీలీటర్లు.

రంపం ఒక్కసారిగా ముఖం మీదికి ఎగిరింది

బార్ కొనలోని పై సగం దేనికైనా తగిలితే జరిగేది ఇదే. కోస్తున్న కొమ్మ వెనక కనిపించని మరో కొమ్మకు తగలడమే ఎక్కువ. రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో జరుగుతుంది కాబట్టి చూసి తప్పించుకోవడమన్నది లేదు. ఎడమ చేతి బొటనవేలు ముందు పిడి చుట్టూ వేసి పట్టుకోవాలి, చైను బ్రేకు పనిచేస్తోందో లేదో రోజూ చూడాలి, తల బార్‌కు సూటిగా ఉండకూడదు. పై పిడితో ఉండే చిన్న రంపాలు చూడటానికి తేలిక. వాటిని నేల మీద వాడటం, ఒంటిచేత్తో వాడటం రెండూ ప్రమాదమే. అవి చెట్టు మీద తాళ్లతో కట్టుకుని పనిచేసే శిక్షణ పొందినవారి కోసం తయారైనవి.

కాళ్ల కవచం లోపల పొడవాటి పీచు పొరలు ఉంటాయి. చైను తగలగానే ఆ పీచు బయటికి వచ్చి చైనును తిప్పే పళ్ల చక్రమైన స్ప్రాకెట్‌కు చుట్టుకుని చైనును ఆపేస్తుంది. మే నెల ఎండలో అది వేసుకోవడం కష్టమన్న మాట నిజమే. దానికి మందు తెల్లవారుజామున పని మొదలుపెట్టి పదింటికల్లా దిగిపోవడం, కవచం విప్పేయడం కాదు.

బార్ కొమ్మలో ఇరుక్కుంది. బెరడు కింది దాకా చీలింది

రెండింటికీ మూలం ఒకటే: కొమ్మలో బిగువు ఎటు ఉందో చూడకపోవడం. రెండు చివరలా ఆనిన దుంగ పైభాగం నొక్కుకుని ఉంటుంది, కిందిభాగం సాగి ఉంటుంది. నొక్కుకున్న వైపు మూడో వంతుకు మించకుండా ముందు కోసి, తర్వాత సాగిన వైపు నుంచి పూర్తిచేయాలి. ఇరుక్కున్న బార్‌ను లాగకండి. ప్లాస్టిక్ వెడ్జ్ కొట్టి సందు తెరవండి. ఇనుపది వాడితే దానికి తగిలి చైను పాడవుతుంది.

పక్కకు సాగిన పెద్ద కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మొదలుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు, దానికి కాస్త అవతల పై నుంచి రెండోది. బరువు పడిపోయాక మిగిలిన మోడును కొమ్మ మెడకు బయటగా మూడోది. కొమ్మ కాండంతో కలిసేచోట ఉబ్బెత్తుగా కనిపించే ఆ మెడలోనే గాయాన్ని మూసే కణజాలం ఉంటుంది. కాండానికి నున్నగా సమం చేసి కోస్తే అందంగా కనిపిస్తుంది కానీ కుళ్లు లోపలికి దిగుతుంది. కోసిన చోట పెయింటు, తారు పూయడం, తొర్రల్లో సిమెంటు నింపడం మానేయండి. కుళ్లును అవి ఆపవు, తేమను లోపల బంధిస్తాయి.

కోస్తుండగా కాండం నిలువునా చీలి వెనక్కి లేచింది

ఇది చంపే ప్రమాదం. ఒకవైపు బాగా వాలిన యూకలిప్టస్, సుబాబుల్, సరుగుడు చెట్లలో ఎక్కువగా జరుగుతుంది. వాలిన వైపు గాటు సరిపడా లేకుండా వెనక నుంచి నెమ్మదిగా కోస్తూ పోతే, మధ్యలో కోయకుండా మిగిలిన కలప, అంటే బందు, తెగేలోపే బరువుకు కాండం పైకి చీలిపోతుంది.

మామూలు చెట్టుకైతే పడే వైపు గాటు లోతు మొదలు వ్యాసంలో అయిదో వంతు నుంచి నాలుగో వంతు ఉండాలి. గాటుకూ వెనక కోతకూ మధ్య కోయకుండా వదిలే బందు మందం వ్యాసంలో పదో వంతు. తలుపు బందులాగే అది చెట్టును దారిలో పెట్టి వంచుతుంది. వాలిన చెట్టుకు బందు వెనక నుంచి బార్ కొనను కాండంలోకి గుచ్చి లోపలి కలపను ముందుగా కోసి, వెనక అంచున కొంత పట్టీ వదిలి, దాన్ని చివర్లో తెంచాలి. కొన గుచ్చడమే రంపం ఎగిరే పని కాబట్టి నేర్చినవారి దగ్గర చూసి, పడి ఉన్న దుంగల మీద సాధన చేయకుండా నిలువు చెట్టు మీద ప్రయత్నించవద్దు. పారిపోయే దారిని వెనక వైపు ఏటవాలుగా ముందే శుభ్రం చేసుకోండి. మిగతావారు చెట్టు ఎత్తుకు రెట్టింపు దూరంలో ఉండాలి.

పడుతూ పడుతూ పక్క చెట్టుకు చిక్కితే దాని కింద నడవకండి, ఆసరాగా ఉన్న చెట్టును కోయకండి. దూరం నుంచి, తాడు చుట్టి లాగే విన్చ్‌తో మొదలును లాగడమే దారి.

తాడు జారుతోంది, కింద పట్టుకున్న మనిషి పైకి లేస్తున్నాడు

ఈ దృశ్యం చాలా ఊళ్లలో కనిపిస్తుంది. కొమ్మకు కట్టిన నీలం ప్లాస్టిక్ మోకును కింద కుర్రవాడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని కాళ్లు తన్నిపెట్టి నిలబడతాడు. పైన కొమ్మ తెగుతుంది. కొంత దూరం పడ్డాక తాడు బిగుసుకునే క్షణాన వచ్చే లాగు కొమ్మ బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. చేతికి చుట్టిన తాడు వదలదు. ముందు చర్మం, తర్వాత వేళ్లు.

తాడును చేతికీ నడుముకూ ఎప్పుడూ చుట్టకూడదు. అదే చెట్టు మొదలుకు రెండు మూడు చుట్లు వేసి, ఆ రాపిడితో మెల్లగా వదలాలి. పెద్ద కొమ్మను ఒకేసారి దించడం కన్నా ముక్కలుగా తీయడం మేలు.

మనిషి వేలాడే తాడు వేరు, కొమ్మ దించే తాడు వేరు. రెండూ కలపకండి. ప్లాస్టిక్ మోకు దాదాపు 165 డిగ్రీలకే కరుగుతుంది, ఎండకు పెళుసెక్కుతుంది. మనిషికి 11 నుంచి 13 మిల్లీమీటర్ల మందమున్న, తక్కువ సాగే పాలిస్టర్ క్లైంబింగ్ తాడు కావాలి. భవన నిర్మాణంలో వాడే, వీపు మీద రింగున్న బెల్టు పడకుండా ఆపుతుంది కానీ అందులో వేలాడుతూ పనిచేయలేరు. చెట్టు పనికి తొడల కింద ఆసరా, పక్కల రింగులు ఉన్న కూర్చునే బెల్టు తీసుకోండి. పైన మోటారు రంపం వాడేటప్పుడు రెండు వేర్వేరు కట్లు తప్పనిసరి. ఒకటి చైనుకు తెగినా రెండోది నిలుపుతుంది.

2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు కిట్లు ఇవ్వడం ఎంతో మంచి పని. కానీ కొమ్మల్లేని తాటిచెట్టుకు తగిన పద్ధతి నిద్రగన్నేరు లాంటి విస్తరించిన చెట్టుకు సరిపోదు. చెట్లు కోసే కూలీలకూ వాళ్ల పనికి తగిన కిట్టు, శిక్షణ రావాలి.

తుపాను తర్వాత పడిన చెట్టు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తర్వాత విశాఖలో ఏ వీధి చూసినా కూలిన చెట్లే. వేళ్లతో సహా పడిన చెట్టును కోస్తే, కాండం బరువు పోగానే వేళ్లూ మట్టీ ఉన్న మొదలు మళ్లీ గుంటలోకి నిలబడవచ్చు. ఆ గుంటలో, వేళ్ల వెనక ఎవరూ ఉండకూడదు. మొదలు దగ్గరగా కాక, కొంత కాండం వదిలి కోయండి.

కొమ్మలు కరెంటు తీగకు తగులుతున్నాయి

ఇక్కడ సొంత పరిష్కారం లేదు. 11 కేవీ తీగలు చాలాచోట్ల పూత లేనివి. పచ్చి కొమ్మ, తడి వెదురు, అల్యూమినియం నిచ్చెన అన్నీ కరెంటును మోస్తాయి. ఉక్కు తీగ ఉన్న నడుము తాడు కూడా. మనిషి గానీ, పనిముట్టు గానీ, పడే కొమ్మ గానీ తీగకు 3 మీటర్ల లోపు వచ్చే అవకాశం ఉంటే 1912కు ఫోను చేసి, విద్యుత్ సిబ్బంది లైన్ క్లియర్ (ఆ తీగలో సరఫరా ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని, తీగలను ఎర్త్ చేశాకే పని మొదలుపెట్టాలి. కరెంటు పోయింది కదా అని ఎక్కడం ఆత్మహత్యతో సమానం. ఎప్పుడైనా రావచ్చు, ఎవరి జనరేటరు నుంచైనా వెనక్కి రావచ్చు.

ఏటా తీగ కింద చెట్టు తల నరికేయడం వల్ల సమస్య పెరుగుతుంది. అక్కడి నుంచి గుత్తులుగా వచ్చే చిగుళ్లు బెరడుకు మాత్రమే అతుక్కుని వేగంగా ఎదుగుతాయి, గాలికి ఊడి తీగ మీదే పడతాయి. తీగ వైపు వెళ్లే కొమ్మలను పక్క కొమ్మ మొదలుకంటా తీసి, చెట్టును అవతలి వైపు పెరగనివ్వండి.

పెద్ద తేనెపట్టు కనిపించింది

పని ఆపండి. రంపం చప్పుడుకే అవి లేస్తాయి, తాడుకు వేలాడే మనిషికి పరుగెత్తే వీలుండదు. ఈ తేనెటీగలు కాలాన్ని బట్టి వలసపోతాయి. పని వాయిదా వేసుకోవచ్చు.

వేపచెట్టు కొసలు ఎండి మాడిపోయాయి

2021 చివర్లో రెండు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు ఇలా కనిపించినప్పుడు చచ్చిపోయాయనుకుని నరికించినవారు ఉన్నారు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు అందుకు కారణాలు. చాలా చెట్లు తర్వాత చిగురించాయి. గోటితో కొమ్మ బెరడు గీకండి. లోపల పచ్చగా ఉంటే ఎండిన కొసలు మాత్రమే తీసి వేసవి దాకా ఆగండి. గోధుమ రంగులో పొడిగా ఉంటే మరింత కిందికి వచ్చి మళ్లీ గీకండి. మొదలు దాకా పచ్చదనం లేకపోతే, నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకుని అప్పుడు రంపం తెప్పించండి.